ఇంటి కంప్యూటర్‌కు పరాయి తాళం

ఆ ఆదివారం ఉదయం పదిగంటల వేళ చౌడేపల్లె నుంచి మా చెల్లెలు ఫోన్ చేసింది. "భాయ్‌జాన్, మా కంప్యూటర్ డబ్బులు అడుగుతోంది" అన్నది. కంప్యూటర్ డబ్బులు అడగడమేమిటని మొదట నవ్వు వచ్చింది. తెర మీద ఉన్నది చదవమన్నాను. పక్కనున్న కొడుకు ఫోన్ అందుకుని ఇంగ్లీషులో చదవడం మొదలుపెట్టాడు. మీ ఫైళ్లన్నిటికీ తాళం వేశాం, విడిపించుకోవాలంటే 980 డాలర్లు చెల్లించాలి, 72 గంటల్లోగా ఈ మెయిల్‌కు రాస్తే సగానికే, అంటే 490 డాలర్లకే ఇస్తాం. నా నవ్వు ఆగిపోయింది. మన రూపాయల్లో ఆ సగమే నలభై వేలకు పైమాట.

"ఇది ఎప్పుడు వచ్చింది బేటా?" అని అడిగాను. సమాధానం రాలేదు. కాసేపటికి "గురువారం రాత్రి, మామూ" అన్నాడు. రెండు పగళ్లు, మూడు రాత్రులు వాడు ఆ విషయాన్ని గుండెల్లో పెట్టుకుని తిరిగాడు. తల్లికి చెప్పలేదు. కువైట్‌లో ఉన్న తండ్రికి అసలే చెప్పలేదు. వాళ్లు విధించిన గడువులో ఇక పన్నెండు గంటలే మిగిలాయి.

ఈ నెల ఈ శీర్షికలో మరొక విషయం రాయాలనుకున్నాను. కానీ కంప్యూటర్ ఉన్న ప్రతి ఇంటికీ ఈ కథ అవసరమనిపించి, చెల్లెలి అనుమతితోనే రాస్తున్నాను.

దీన్ని రాన్సమ్‌వేర్ అంటారు. మామూలు దొంగ సొమ్ము ఎత్తుకుపోతాడు. ఈ దొంగ ఏదీ ఎత్తుకుపోనక్కర లేదు. మన ఇంట్లోనే, మన పెట్టెకే తన తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని పోతాడు. ఫోటో అక్కడే ఉంటుంది, దస్తావేజు అక్కడే ఉంటుంది, కానీ తెరుచుకోదు. లోపలి అక్షరాలన్నిటినీ ఒక గణిత సూత్రం ప్రకారం కలగాపులగం చేసేస్తాడు. ఆ సూత్రానికి తగిన తాళంచెవి లేనిదే ప్రపంచంలోని ఏ కంప్యూటర్ కూడా దాన్ని మళ్లీ సరిచేయలేదు. ఫలానా దుకాణంలో ఎలాంటి తాళమైనా తీస్తారని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఫోన్‌లోనే నేను మూడు పనులు చెప్పాను. ఇంటర్నెట్ పెట్టె ప్లగ్ పీకేయమన్నాను. కంప్యూటర్‌ను ఆపేయమన్నాను. నేను వచ్చేదాకా దానిలో పెన్‌డ్రైవ్ గానీ, ఫోన్ కేబుల్ గానీ, మరేదైనా గానీ పెట్టవద్దన్నాను. మూడవది ఆలస్యమైపోయింది. శుక్రవారం మధ్యాహ్నమే మావాడు, మిగిలిన ఫైళ్లనైనా కాపాడుకుందామని తన పెన్‌డ్రైవ్ పెట్టాడు. దానిలో ఉన్న కాలేజీ ప్రాజెక్టుకు కూడా తాళం పడింది. ఎందుకంటే ఈ రకం రాన్సమ్‌వేర్ ఒకసారి పనిచేసి వెళ్లిపోదు. కొన్ని నిమిషాలకొకసారి లేచి, కొత్తగా ఏమైనా వచ్చిందా అని ఇల్లంతా వెతుకుతుంది. మంట ఆరకముందే ఆ ఇంట్లోకి కొత్త బట్టలు తీసుకెళ్లినట్లయింది వాడి పని.

మదనపల్లెలో బస్సెక్కి, పుంగనూరు మీదుగా చౌడేపల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది. దారిలో చెల్లెలు మళ్లీ ఫోన్ చేసింది. తెలిసిన దుకాణం ఒకటి ఉంది, వాళ్లను అడిగితే "ఫార్మాట్ చేసి కొత్త విండోస్ వేస్తాం, సాయంత్రానికి అయిపోతుంది" అన్నారట. చేయించమంటావా అని అడిగింది. వద్దంటే వద్దని గట్టిగా చెప్పాను. కంప్యూటర్‌ను మళ్లీ నడిపించడమే మన అవసరమైతే వాళ్లు చెప్పింది సరైనదే. కానీ మనకు కావలసింది కంప్యూటర్ కాదు, దానిలో ఉన్నవి. ఫార్మాట్ చేస్తే దొంగ వేసిన తాళంతో పాటు పెట్టె కూడా పోతుంది.

ఆ కంప్యూటర్‌లో ఏమున్నాయో చెప్పాలి. మా బావ కువైట్‌కు వెళ్లి పదేళ్లు దాటింది. పిల్లల ఫోటోలు, పెద్దమ్మాయి నికాహ్ వీడియో, పొలం కాగితాల స్కాన్లు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటికంటే విలువైనది మరొకటి ఉంది. మా బావగారి అమ్మ, అంటే పిల్లల దాదీ, చనిపోయి రెండేళ్లయింది. చివరి రంజాన్‌లో ఆమె చేత మావాడు మాట్లాడించి రికార్డు చేశాడు. తన చిన్నతనం, కరువు సంవత్సరాలు, ఎవరి పెళ్లికి ఎవరు ఎడ్లబండిలో వచ్చారు, బిర్యానీలో ఏది ఎప్పుడు వేయాలి, ఇలాంటివి. అరగంట, ముప్పావుగంట చొప్పున పదకొండు రికార్డులు. మా బావ అక్కడ రాత్రి డ్యూటీ ముగిశాక వినడానికని చేసినవి. ఫోన్ మార్చినప్పుడు ఆ ఫోన్‌లోవి పోయాయి. కంప్యూటర్‌లోవే మిగిలాయి.

అది ఎలా వచ్చిందో తర్వాత మావాడే చెప్పాడు. స్నేహితుని పెళ్లి వీడియో కూర్చడానికి ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్ కావలసి వచ్చింది. డబ్బు కట్టకుండా వాడుకునేలా తాళం పగలగొట్టిన ప్రతి, దీన్నే క్రాక్ అంటారు, ఎక్కడో దొరికింది. దానితో పాటు ఒక సూచన కూడా ఉంది. ముందుగా యాంటీవైరస్‌ను ఆపేయండి, అది దీన్ని పొరపాటున వైరస్ అనుకుంటుంది అని. వాడు ఆపేశాడు. తెర మీద విండోస్ అప్‌డేట్ జరుగుతున్నట్లు ఒక చిన్న గడి కనిపించింది. అప్‌డేట్ కదా అని వదిలేసి పడుకున్నాడు. అది అప్‌డేట్ కాదు. హార్డ్‌డిస్క్ ఎందుకు గరగరలాడుతోందని ఎవరికీ అనుమానం రాకుండా వేసిన ముసుగు. మరొకరి కష్టార్జితాన్ని అలా వాడుకోవడం హలాలేనా అని నేను వాణ్ణి అడగలేదు. ఆ ప్రశ్న వాడి ముఖంలోనే ఉంది.

ఇళ్లలోని కంప్యూటర్లను అత్యధికంగా పట్టినది ఈ కుటుంబమే. దీని పేరు స్టాప్, మరో పేరు డీజేవీయూ. గుర్తించడం కష్టం కాదు. ఫోటోల బొమ్మలన్నీ తెల్ల కాగితాల్లా మారిపోతాయి. ప్రతి ఫైలు పేరు చివర, జేపీజీ లేదా పీడీఎఫ్ అన్న తోకకు అవతల, అర్థంపర్థం లేని నాలుగు అక్షరాల మరొక తోక మొలుస్తుంది. ప్రతి ఫోల్డర్‌లోనూ రీడ్‌మీ అనే పేరుతో ఒక చీటీ ఉంటుంది. యాంటీవైరస్ సంస్థల వెబ్‌సైట్లు తెరవబోతే తెరుచుకోవు, ఎందుకంటే ఆ దారులను కూడా అది మూసేస్తుంది. ఫైళ్ల తోకలు మామూలుగా విండోస్‌లో కనిపించవు కాబట్టి, ఫోల్డర్ పైనుండే వ్యూ అన్న చోట ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్ అన్నదాన్ని ఈరోజే ఎంచుకుని పెట్టుకోండి.

తాళం పడినట్లు కనిపించేదంతా రాన్సమ్‌వేర్ కాదని కూడా చెప్పాలి. ఈ తేడా తెలియక చాలామంది అనవసరంగా భయపడి డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఇంటర్నెట్ చూస్తుండగా హఠాత్తుగా తెర నిండా ఎర్రని హెచ్చరిక వచ్చి, పెద్ద శబ్దంతో "మీ కంప్యూటర్ లాక్ అయింది, ఈ నంబరుకు ఫోన్ చేయండి" అంటే అది వట్టి బెదిరింపు. ఒక వెబ్ పేజీ తెర మొత్తం పరుచుకుంది, అంతే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కి బ్రౌజర్‌ను ముగించండి, లేదా కంప్యూటర్‌నే ఆపి మళ్లీ వేయండి. మీ ఫోటోలు చక్కగా తెరుచుకుంటాయి. ఆ నంబరుకు మాత్రం ఫోన్ చేయవద్దు. అలాగే జెరాక్స్ షాపు నుంచి తెచ్చిన పెన్‌డ్రైవ్‌లో ఫోల్డర్లన్నీ షార్ట్‌కట్‌లుగా మారిపోయి ఉంటే, అది పాత షార్ట్‌కట్ వైరస్. మీ ఫైళ్లు దానిలోనే దాచబడి ఉంటాయి. వాటికి తాళం పడలేదు, తెలిసినవారు పది నిమిషాల్లో బయటికి తీయగలరు.

ఇక చౌడేపల్లె కథకు వద్దాం. నేను వెళ్లాక చేసిన మొదటి పని ఫోన్‌తో ఆ చీటీని ఫోటో తీసుకోవడం. అందులోని మెయిల్ చిరునామా, మనకు కేటాయించిన గుర్తింపు సంఖ్య రెండూ తర్వాత అవసరమవుతాయి. రెండవ పని, నా వెంట తీసుకెళ్లిన లైనక్స్ పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ను తెరవడం. అలా తెరిస్తే లోపలి విండోస్ నిద్ర లేవదు, దానితో పాటు ఆ దొంగ కూడా లేవడు. అప్పుడు తాళం పడిన ఫైళ్లన్నిటినీ ఒక కొత్త హార్డ్‌డిస్క్‌లోకి ఉన్నవి ఉన్నట్లు ఎక్కించాను. పనికిరాని ఫైళ్లను దాచుకోవడమెందుకని చెల్లెలు అడిగింది. ఎందుకంటే తాళంచెవులు ఒక్కోసారి ఏళ్ల తర్వాత బయటపడతాయి. టెస్లాక్రిప్ట్ అనే రాన్సమ్‌వేర్ నడిపినవాళ్లు 2016 మేలో దుకాణం మూసుకుంటూ తమ మూల తాళంచెవిని తామే బయటపెట్టారు. షేడ్ అనే మరో దాన్ని నడిపినవాళ్లు 2020 ఏప్రిల్‌లో ఏడున్నర లక్షల తాళంచెవులను అందరికీ ఇచ్చేశారు. పాత ఫైళ్లను పారేయనివాళ్లకే అవి పనికొచ్చాయి.

తర్వాతి పని, ఇది ఏ కుటుంబానికి చెందిన తాళమో నిర్ధారించుకోవడం. దీనికోసం నోమోర్‌రాన్సమ్ డాట్ ఆర్గ్ అనే వెబ్‌సైట్ ఉంది. 2016 జులైలో నెదర్లాండ్స్ పోలీసులు, ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్, మరి రెండు కంప్యూటర్ భద్రతా సంస్థలు కలిసి దీన్ని ప్రారంభించాయి. తాళం పడిన ఒక ఫైలునూ ఆ చీటీనీ అక్కడ చూపిస్తే రకాన్ని గుర్తించి, ఉచిత విరుగుడు ఉంటే అదే ఇస్తుంది. రూపాయి అడగదు. మరో ఆరోగ్యవంతమైన కంప్యూటర్ నుంచే ఈ పని చేయాలి. పక్కింటివారి లాప్‌టాప్ అడిగి తెచ్చుకున్నాం.

స్టాప్ కుటుంబానికి ఎమ్‌సీసాఫ్ట్ అనే సంస్థ 2019 అక్టోబరులో ఒక విరుగుడు విడుదల చేసింది. కానీ అది అందరికీ పనిచేయదు. ఎవరికి పనిచేస్తుందో తెలియాలంటే ఈ దొంగ పద్ధతి కొంచెం తెలియాలి. కంప్యూటర్‌లోకి దిగగానే అది ఇంటర్నెట్ ద్వారా తన యజమానిని సంప్రదించి, ఆ ఒక్క ఇంటికే ప్రత్యేకంగా తయారైన తాళం తెచ్చుకుంటుంది. యజమాని దొరకకపోతే, అంటే అప్పుడు నెట్ లేకపోయినా, అవతలి కంప్యూటర్ పనిచేయకపోయినా, తన సంచిలో ముందే ఉన్న ఉమ్మడి తాళాన్ని వేస్తుంది. ఉమ్మడి తాళం వేసిన ఇళ్లన్నిటికీ చెవి ఒకటే. వారిలో ఎవరో ఒకరి చెవి దొరికితే మిగతా అందరికీ పనికొస్తుంది. చీటీలోని గుర్తింపు సంఖ్య చివర టీ1 అని ఉంటే అది ఉమ్మడి తాళం, ఆశ ఉంది. మా చీటీలో ఆ రెండు అక్షరాలు లేవు. గురువారం రాత్రి చౌడేపల్లెలో నెట్ చక్కగా వచ్చింది మరి. నెట్ బాగా వచ్చినందుకు బాధపడవలసి రావడం నాకు అదే మొదటిసారి.

సాయంత్రం కువైట్ నుంచి మా బావ ఫోన్. విషయం తెలిసిపోయింది. ఆయన కొడుకును ఒక్క మాట కూడా అనలేదు. నాతో మాత్రం, "పోనీ, ఆ నలభై వేలు పంపేద్దామా? అమ్మీ గొంతు ఉంది కదా అందులో" అన్నారు. నేను కాసేపు మాట్లాడలేకపోయాను. కట్టవద్దని చెప్పడం వ్యాసంలో సులువు. తల్లి గొంతు కోసం అడుగుతున్న కొడుకుతో చెప్పడం సులువు కాదు. అయినా చెప్పాను. ఆ డబ్బు బిట్‌కాయిన్ రూపంలో అడుగుతారు, ఒకసారి పోతే తిరిగి రాదు. కట్టాక తాళంచెవి ఇస్తారన్న హామీ ఎక్కడా లేదు. కట్టే ఇల్లని తెలిస్తే మళ్లీ అడగవచ్చు. ఆ డబ్బుతోనే రేపు మరో ఊళ్లో మరో పిల్లవాడి కంప్యూటర్‌కు తాళం పడుతుంది. నాకు ఒక్కరోజు ఇవ్వండి, ఆ తర్వాత మీ ఇష్టం అన్నాను.

ఆ ఒక్కరోజు అడగడానికి కారణం ఉంది. ఈ దొంగకు తొందరెక్కువ. వేలకొద్దీ ఫైళ్లకు పూర్తిగా తాళం వేయాలంటే గంటలు పడుతుంది, ఆలోగా ఎవరైనా చూసి కంప్యూటర్ ఆపేయవచ్చు. అందుకని ప్రతి ఫైలులోనూ మొదటి 150 కిలోబైట్లకే తాళం వేసి తర్వాతి దానికి పోతుంది. చిన్న ఉత్తరమో, వాట్సాప్‌లో వచ్చిన చిన్న ఫోటోనో అయితే ఆ 150లోనే మొత్తం మునిగిపోతుంది. కానీ పెద్ద ఫైలులో మొదటి ముక్క తప్ప మిగిలినదంతా చెక్కుచెదరకుండా ఉంటుంది. జిప్ చేసి దాచిన పెద్ద ఫైలైతే సాధారణంగా లోపలి మొదటి ఫైలే పాడవుతుంది, మిగిలినవి సెవెన్‌జిప్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో బయటికి తీయవచ్చు. వీడియోలకూ ఆడియోలకూ మీడియా రిపేర్ అనే ఉచిత సాధనం ఉంది. తాళం తీయదు అది. తాళం పడిన ముక్కను కోసి పక్కన పెట్టి, మిగిలినదాన్ని నడిచేలా అతుకుతుంది. ఏది చేసినా నకలు మీదే చేయాలి, మూల ఫైలును ముట్టుకోకూడదు.

నికాహ్ వీడియోకు ఒక చిక్కు వచ్చింది. అలాంటి వీడియోను అతకాలంటే అదే కెమెరాతో తీసిన, తాళం పడని మరో వీడియో నమూనాగా కావాలి. మదనపల్లెలోని పిల్లల ఖాలా ఇంట్లో ఒక పెన్‌డ్రైవ్‌లో, ఆ రోజే ఆ కెమెరామనే తీసిన రెండు నిమిషాల వీడియో దొరికింది, పిల్లలు షర్బత్ గ్లాసులతో పరుగెత్తుతున్నది. దాన్ని పక్కన పెట్టి అతికితే నికాహ్ వీడియో నడిచింది. మొదట్లో కొన్ని క్షణాలు పోయాయి, అంతే.

దాదీ రికార్డులు ఎంపీ3లు. వాటికి నమూనా కూడా అవసరం లేకపోయింది. సాధారణ నాణ్యతతో చేసిన ఎంపీ3లో 150 కిలోబైట్లంటే దాదాపు తొమ్మిది సెకన్లు. పదకొండు రికార్డులూ వచ్చాయి, ప్రతిదానిలోనూ మొదటి తొమ్మిది సెకన్లు తప్ప. ఆమె ఎప్పుడు మాట్లాడటం మొదలుపెట్టినా ముందు కొడుకును పేరు పెట్టి పిలిచి, తిన్నావా అని అడిగేదట. ఆ పిలుపు పదింటిలో లేదు. పదకొండవ దానిలో మాత్రం, మధ్యలో ఎవరో తలుపు తట్టడంతో ఆమె ఆగి, మళ్లీ మొదలుపెడుతూ మళ్లీ పిలిచింది. అది ఉంది. ఫోన్ దగ్గర పెట్టి మా బావకు వినిపించాం. డబ్బు సంగతి ఆ తర్వాత ఆయన ఎత్తలేదు. గడువు ఆ రాత్రే దాటిపోయింది.

ఫోటోలు రాలేదు. చిన్నవి కాబట్టి చాలావరకు మొత్తంగా మునిగిపోయాయి. అప్పుడు మా చెల్లెలికి తట్టిన ఆలోచన నాకు తట్టలేదు. ఆ ఫోటోలను పదేళ్లుగా తాను ఎవరెవరికి పంపిందో వాళ్లందరికీ ఫోన్లు చేసింది. కువైట్‌లోని భర్త ఫోన్, బెంగళూరులోని చాచా, ఖాలా, పెద్దమ్మాయి అత్తవారిల్లు. వారం రోజుల్లో ఐదారు వందల ఫోటోలు తిరిగి వచ్చాయి. పొలం కాగితాల అసళ్లు ట్రంకు పెట్టెలోనే ఉన్నాయి, మళ్లీ స్కాన్ చేయించుకున్నారు. ఫైళ్లు గూగుల్ డ్రైవ్‌లోనో వన్‌డ్రైవ్‌లోనో ఉండేవారు మరొకటి గుర్తుంచుకోవాలి. తాళం పడిన ప్రతి అక్కడికి కూడా పోయి కూర్చుంటుంది, కానీ పాత ప్రతులను అవి కొంతకాలం దాచి ఉంచుతాయి. గూగుల్ డ్రైవ్‌లో 30 రోజుల దాకా వెనక్కి వెళ్లవచ్చు. ఆలస్యం చేస్తే ఆ దారి కూడా మూసుకుపోతుంది.

చాలామంది మరిచిపోయే ప్రమాదం మరొకటి ఉంది. ఈ రకం రాన్సమ్‌వేర్ ఒంటరిగా రాదు. బ్రౌజర్‌లో దాచుకున్న పాస్‌వర్డులను ఎత్తుకుపోయే మరో దొంగను వెంటబెట్టుకుని వస్తుంది. అందుకని ఆ రాత్రే, నా ఫోన్ నుంచి, ఇంట్లో అందరి జీమెయిల్, బ్యాంకు, ఫేస్‌బుక్ పాస్‌వర్డులు మార్పించాను. అన్నీ అయ్యాకనే, ఆ దుకాణంవారు చెప్పిన పని, అంటే ఫార్మాట్ చేసి విండోస్ కొత్తగా వేయడం, చేయించాం. వరుస మాత్రమే తేడా.

ఫిర్యాదు చేసేదుందా అని అడిగేవారుంటారు. ఉంది. 1930 నంబరుకు ఫోన్ చేయవచ్చు, సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ వెబ్‌సైట్‌లో రాయవచ్చు, దగ్గరి పోలీసు స్టేషన్‌లో ఇవ్వవచ్చు. సమాచార సాంకేతిక చట్టం 2000లోని 43, 66 సెక్షన్ల కింద ఇది నేరం. ఫైళ్లు తెచ్చిపెడతారని ఆశించకండి, కానీ డబ్బు ఇప్పటికే పంపి ఉంటే మాత్రం మొదటి గంటలోనే 1930కు చేయండి. ఫిర్యాదు సంగతి తెలిసి, మీ ఫైళ్లు మేం విడిపిస్తాం, ముందు ఐదు వేలు పంపండి అని యూట్యూబ్‌లోనూ టెలిగ్రామ్‌లోనూ పలకరించేవాళ్లు రెండో దొంగలు.

పోలీసులను అడగడానికి మొహమాటపడనక్కర లేదు, ఈ దెబ్బ వాళ్లకూ తెలుసు. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ ప్రపంచమంతా పాకింది. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు దానికి చిక్కాయి. మరునాడే ఆంధ్రప్రదేశ్‌లో చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కార్యాలయాల కంప్యూటర్లు, ఆ వారంలోనే తిరుమల తిరుపతి దేవస్థానాల కంప్యూటర్లు కొన్ని తాళం పడి కనిపించాయని వార్తలు వచ్చాయి. అది 300 డాలర్లు అడిగింది, మూడు రోజులు దాటితే 600. డబ్బు అడిగే ఆ చీటీని 28 భాషల్లో రాసిపెట్టారు. వాటిలో తెలుగు లేదు, ఉర్దూ లేదు, హిందీ కూడా లేదు. 2019లో రెండు తెలుగు రాష్ట్రాల విద్యుత్ పంపిణీ సంస్థలు, 2022 నవంబరు 23న ఢిల్లీ ఎయిమ్స్ ఇదే జబ్బు పడ్డాయి. ఎయిమ్స్‌లో రెండు వారాల పాటు రోగుల పేర్లు చేత్తో రాసుకున్నారు.

వన్నాక్రైకు ఎవరూ ఏదీ నొక్కనక్కర లేకపోయింది. విండోస్‌లో ఉన్న ఒక రంధ్రం గుండా ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు దానంతట అదే పాకింది. ఆ రంధ్రాన్ని పూడ్చే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ 2017 మార్చి 14నే, అంటే దాదాపు రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకున్నవాళ్లు బతికిపోయారు. మన ఇళ్లలో ఇంకా విండోస్ 7 నడుస్తున్న కంప్యూటర్లు ఎన్నో ఉన్నాయి. దానికి 2020 జనవరి 14తోనే అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 10కు కూడా సాధారణ అప్‌డేట్ల గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. అటువంటి కంప్యూటర్‌ను నెట్‌కు కలపకుండా వాడుకోవడం మేలు, లేదా కొత్తదానికి మారాలి. అయితే చౌడేపల్లెలో వచ్చిన రకాన్ని ఏ అప్‌డేటూ ఆపలేదు. కాపలావాణ్ణి మనమే సెలవు మీద పంపి తలుపు తీశాం.

ఇప్పుడు ఆ ఇంట్లో ఏం మారిందంటే, పెద్దగా ఏమీ కాదు. వీడియోలు కూర్చడానికి షాట్‌కట్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేశాం, ఉత్తరాలకు లిబ్రే ఆఫీస్. రెండూ ఉచితమే, ఎవరి తాళమూ పగలగొట్టనక్కర లేదు. పిల్లలకు వేరే ఖాతా పెట్టి, కొత్త సాఫ్ట్‌వేర్ వేయాలంటే తల్లి పాస్‌వర్డ్ కొట్టేలా చేశాం. విండోస్ సెక్యూరిటీలో రాన్సమ్‌వేర్ ప్రొటెక్షన్ అన్న చోట కంట్రోల్డ్ ఫోల్డర్ యాక్సెస్ అన్నదాన్ని తెరిచి పెట్టాం. ఫోటోల ఫోల్డర్‌లో తెలియని సాఫ్ట్‌వేర్ ఏదైనా చేయిపెట్టబోతే అడ్డుకుంటుంది. అప్పుడప్పుడు మంచిదాన్ని కూడా అడ్డుకుని విసిగిస్తుంది, ఓర్చుకోవాలి. అన్నిటికంటే ముఖ్యమైనది మరో హార్డ్‌డిస్క్. నెలకు ఒకసారి, మొదటి ఆదివారం, దాన్ని తగిలించి కొత్త ఫోటోలు ఎక్కించి, వెంటనే తీసి అల్మారాలో పెట్టాలి. ఎప్పుడూ తగిలించే ఉంచితే దానికి కూడా తాళం పడుతుంది. చాలామంది బ్యాకప్ ఉందని ధీమాగా ఉండి దెబ్బతిన్నది ఇక్కడే.

తిరిగి వచ్చే ముందు నేను చెల్లెలితో విడిగా మాట్లాడాను. వాణ్ణి ఏమీ అనవద్దని కాదు, అనవలసింది అప్పటికే అనేసింది. మూడు రోజులు వాడు ఎందుకు చెప్పలేదో ఆలోచించమన్నాను. గురువారం రాత్రే ఎవరికైనా చెప్పి ఉంటే, ఆ పెన్‌డ్రైవ్ పెట్టి ఉండేవాడు కాదు, ప్రాజెక్టు పోయేది కాదు. అప్‌డేట్ గడి కనిపించినప్పుడే అనుమానించి స్విచ్ ఆపేసి ఉంటే సగం ఫోటోలు మిగిలేవి. కొత్త కుండ పగిలితే పిల్లలు పెంకులు దాచేది దెబ్బలకు భయపడే కదా. చెల్లెలు ఏమీ అనలేదు. నేను బస్టాండ్‌కు బయలుదేరుతుంటే వాడు బండి తీశాడు. దారిలో, "మామూ, ఆ తాళం ఎప్పటికైనా తెరుచుకుంటుందా?" అని అడిగాడు. తెలియదన్నాను.

తాళం పడిన ఫోటోలున్న హార్డ్‌డిస్క్ మీద చెల్లెలు తెల్ల స్టిక్కర్ అంటించి తేదీ రాసింది. అది అల్మారాలో పై అరలో, నికాహ్ ఆల్బమ్ పక్కన ఉంది. ఆరు నెలలకొకసారి దాని గుర్తింపు సంఖ్యను నోమోర్‌రాన్సమ్‌లో మళ్లీ చూసే పని మావాడు తీసుకున్నాడు.